ఖాలీ కమాన్

మా ఇళ్లల్లో చిల్లా అంటే నలభై రోజులు. బాలింత గది దాటకుండా ఉండే నలభై రోజులు చిల్లా. జమాత్‌తో ఊర్లు తిరిగొచ్చే నలభై రోజులూ చిల్లానే. ఇదే మాటకు ఉర్దూలో ఇంకో అర్థం ఉంది: వింటి నారి. కమాన్‌కు చిల్లా ఎక్కించడమంటే విల్లుకు నారి బిగించడం. ఈ రెండో అర్థం మా నోళ్లలో నుంచి ఎప్పుడు జారిపోయిందో ఎవరికీ గుర్తులేదు. విల్లే లేని ఇంట్లో నారితో పనేముంది? పోయినేడు మా మామూ ఇంటికి ఒక పాత క్రాస్‌బో వచ్చింది. దాంతోపాటు ఆ మాటా వచ్చింది.

నేను తిరుపతిలో ఒక స్కూల్లో పీఈటీని. పిల్లలకు ఖోఖో, కబడ్డీ నేర్పుతా. కాలేజీ రోజుల్లో మూడేళ్లు విల్లు పట్టినోణ్ణి. ఆ మాత్రం దానికే మా ఖాందాన్‌లో తీరందాజ్ అనే పేరు నాకే మిగిలిపోయింది. అందుకే మామూ నాకు ఫోన్ చేశాడు. "బేటా, జరా ఆకే దేఖ్. నీ తమ్ముడు బెంగళూరు నుంచి ఏందో తెచ్చినాడు. తుపాకీ మాదిరి ఉండాది, తుపాకీ కాదు. మీ ముమానీ రాత్రంతా నిద్రపోలే."

మామూ వాళ్లది పలమనేరు పక్క పల్లె. మూడెకరాల చేను. ఒకపక్క చెనిక్కాయ, ఒకపక్క రాగి, బోరు దగ్గర కొంచెం టమేటా. చేనుకూ అడివికీ మధ్య ఒక వంకే అడ్డం. చెనిక్కాయ ఊడ ఊరే టైముకు అడివిపందులు గుంపుగా దిగుతాయి. ఒక్క రాత్రిలో అరెకరా దున్నేసిపోతాయి. దున్నిన చోట మళ్లీ నాగలి పెట్టే పనే ఉండదని మామూ నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వు ఎంత చేదుగా ఉంటుందో వినాల్సిందే. అప్పు తెచ్చి విత్తనం కొన్నోడికి అరెకరా అంటే మాటలు కాదు. కాబట్టి తమ్ముడు క్రాస్‌బో ఎందుకు తెచ్చాడో నేను అడగలేదు. అడక్కుండానే తెలుసు.

నేను పోయేసరికి అది లుంగీలో చుట్టి మంచం కింద ఉంది. విప్పి చూస్తే పుల్లీలు లేని, సాదా రెక్కల రకం. విల్లు రెక్క మీద 150 అని అంకె. అంటే నూట యాభై పౌండ్ల బలం, మన లెక్కలో 68 కిలోలు. యాభై కిలోల ఎరువు బస్తా కంటే బరువైన లాగుడు. తమ్ముడు తొమ్మిది వేలు పెట్టి కొన్నాడు. రెండే బాణాలు ఇచ్చారు. అవీ ఒకదానికొకటి జత కావు. నాకు చూపించాలని వాడు ముందుకాలితో తొక్కి నారి లాగి కొక్కానికి తగిలించేశాడు. బాణం పెట్టలేదు. "సౌండ్ విను భాయ్" అంటూ ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడు.

వాడి చెయ్యి పట్టుకుని ఆపి, ఆ వేలు మెల్లగా తీయించా. మొదటి సబక్ అదే: ఖాలీ కమాన్ ఎప్పుడూ కొట్టొద్దు.

దీని హిసాబ్ ఏమిటంటే, నారి లాగినప్పుడు మన ఒంటి బలం రెక్కల్లోకి పోయి దాక్కుంటుంది. వదిలినప్పుడు ఆ బలంలో ఎక్కువ భాగం బాణం తీసుకుని పోవాలి. బాణమే లేకపోతే ఆ బలం యాడికి పోతుంది? తిరిగి రెక్కల్లోకి, నారిలోకి, స్క్రూల్లోకి పోతుంది. కొత్త విల్లైతే ఒకటి రెండుసార్లు ఓర్చుకోవచ్చు, ఓర్చుకోకపోనూవచ్చు. పాత విల్లు ఐతే రెక్క చీలుతుంది, నారి తెగుతుంది, చీలిన ముక్క పట్టుకున్నోడి మొహానికే వస్తుంది. మరీ తేలిక బాణం వేసినా దాదాపు ఇదే నుక్సాన్. అందుకే కంపెనీ ఎంత బరువు బాణం చెప్పిందో అంతకు తగ్గకూడదు.

మరి ఎక్కించిన నారిని దించేదెట్ల? చేత్తో పట్టుకుని మెల్లగా వదులుదామని చాలామంది చూస్తారు. అరవై ఎనిమిది కిలోల బలం వేళ్లలో నుంచి జారితే వేళ్లు మిగలవు. ఒక పాత బాణం, మొన మొద్దుగా ఉండేది పెట్టి, దగ్గర్లో మెత్తటి మట్టిదిబ్బలోకి కొట్టేయాలి. ఇలాంటి సాదా రకానికి అదే దారి. ఆ రోజు వాణ్ణి అట్లాగే పెరట్లోని ఎరువుదిబ్బ దగ్గరికి తీసుకుపోయా. ఇంట్లో వాళ్లందరినీ వెనక్కి పంపి, కళ్లద్దాలు పెట్టించి, దిబ్బలోకి దించేయించా. ఆ తర్వాత వారం దినాలు దాన్ని ఎవరూ ఎక్కించకూడదని కసమ్ తీసుకున్నా.

పాత సామాను కొన్నప్పుడు మనం ముందు రంగు చూస్తాం. విల్లులో రంగు చూడొద్దు. రెక్కలు చూడాలి. నారి తీసేసిన తర్వాత (తీయడానికి తగిన తాడు ఉంటుంది, ఉత్త చేతులతో రెక్క వంచొద్దు) చిటికెడు దూది తీసుకుని రెక్క అంచుల పొడుగునా మెల్లగా రుద్దాలి. ఎక్కడైనా పీచు లేచి ఉంటే దూది అక్కడ చిక్కుకుంటుంది. వేలితో రుద్దితే పీచు గుచ్చుకుంటుంది, దూదికి నొప్పి తెలియదు. ఆ తర్వాత ఎండలో తిప్పి చూడాలి. తెల్లటి చారలు, పొరలు విడినట్టు గీత, నొక్కితే చిన్న చప్పుడు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రెక్క పనికిరాదు. జిగురు పెట్టి అతికించొద్దు, టేపు చుట్టొద్దు. రెండు రెక్కలూ కలిపి మార్చాలి, లేదా గోడకు అలంకారంగా తగిలించుకోవాలి. మా వాడి అదృష్టం, రెక్కలు బాగున్నాయి.

నారి మాత్రం బాగాలేదు. సెకండ్‌హ్యాండ్ విల్లు నారిని ఎట్లున్నా సరే మార్చేయాలని నా ఉసూల్. దాని ఉమర్ ఎంతో, ఎన్నిసార్లు ఖాలీగా కొట్టారో అమ్మినోడు చెప్పడు. అడిగినా అతనికే తెలియకపోవచ్చు. కొత్త నారి అదే మోడల్‌కు, అదే పొడుగుది తెప్పించాలి. పొడుగు ఒక అంగుళం అటూ ఇటూ ఐనా రెక్కల మీద పడే బరువు మారిపోతుంది. మా వాడి మోడల్‌కు నారి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. వాడికి అది చిల్లాలో సగం లెక్క. రోజూ ఫోన్ చేసేవాడు.

నారికి మైనం పట్టాలి. విల్లు నారికోసమే అమ్మే మైనం ఉంటుంది. పోగులు పొడిబారి పీచులేస్తున్నట్టు ఉంటే రాసి, రెండు వేళ్లతో పైకీ కిందకీ రుద్దితే వేడికి లోపలికి దిగుతుంది. ఐతే నారి మధ్యలో గట్టిగా దారం చుట్టి ఉంటుంది చూడండి, బాణం ఆనుకునే చోట, కొక్కెం పట్టుకునే చోట. దాని మీద ఈ మైనం రుద్దొద్దు. అది మెత్తబడి గాడిలో జిగటగా పేరుకుంటుంది. ఆ చుట్టు విడిపోయినా, పక్కకు జరిగినా విల్లు దించేయాల్సిందే. గాడికి మాత్రం దానికోసం చేసిన నూనె ఒక్క చుక్క, వేలితో పలచగా రాస్తే చాలు. వంటనూనె, మోటర్‌సైకిల్ గ్రీజు వద్దు. ఈ రెంటికీ దుమ్ము అంటుకుంటుంది, మన సీమ దుమ్ము ఐతే మరీనూ. ట్రిగ్గర్ పెట్టె విప్పొద్దు. దాని లోపలి స్ప్రింగులు మనకు అర్థం కావు. పైన దుమ్ము ఊడ్చి, స్క్రూలు ఒక్కొక్కటి బిగువు చూసుకోవడమే మన పని.

బాణాలకూ తనిఖీ కావాలి. కొన్ని క్రాస్‌బోలకు వెనక చదునుగా ఉండే బాణం కావాలి, కొన్నింటికి అర్ధచంద్రం గాడి ఉండేది కావాలి. తారుమారు చేస్తే నారి బాణం మీద నుంచి ఎక్కిపోతుంది. అదీ ఒక ఖాలీ దెబ్బే. బాణాన్ని రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. పటపట అన్నదంటే లోపల చీలిక ఉంది. కొనలు విరిచి పారేయాలి, ఇంకొకరు ఏరుకుని వాడకుండా. ఆ రెండు బాణాలూ అట్లాగే పోయాయి. ఆరు కొత్తవి కొన్నాం.

అన్నీ అయ్యాక మొదటి దెబ్బ. అది చేతిలో పట్టుకుని కొట్టించలేదు. వంక పక్కన నిలువెత్తు మట్టికట్ట ఉంది. దాని ముందు గడ్డిమోపు పెట్టి, పది గజాల దూరంలో చెక్క బల్లకు క్రాస్‌బోను గట్టిగా కట్టి, ట్రిగ్గర్‌కు ఒక సన్నతాడు తగిలించి, అందరం బోరు గది గోడ వెనక నిలబడి తాడు లాగాం. ఐదుసార్లు. ప్రతిసారీ నారి దించి దూదితో మళ్లీ రెక్కలు చూశాం. మామూ బీడీ ఆర్పేసి అన్నాడు: "పెళ్లికూతుర్ని చూసేదానికి పోయినా ఇంత చూడలేదు గదరా!"

ఆ తర్వాతే చేతికి ఇచ్చా. ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప కమ్మీ ఉంటుంది, కాలు పెట్టి తొక్కేది. గుర్రపు స్వారీలో కాలు పెట్టేదాన్ని రికాబ్ అంటాం, ఇదీ రికాబే. పన్నెండో శతాబ్దంలో అల్ తర్సూసీ అనే ఆయన సుల్తాన్ సలాహుద్దీన్ కోసం ఆయుధాల మీద రాసిన కితాబ్‌లో క్రాస్‌బోల ముచ్చట ఉంది. కాలితో తొక్కి ఎక్కించేదాన్ని అరబ్బీలో ఖౌస్ అర్-రిజ్ల్ అన్నారు, కాలి విల్లు అని. ఎనిమిది వందల ఏళ్లైనా పద్ధతి అదే. కాలు రికాబ్‌లో పూర్తిగా దూర్చాలి, చెప్పులతో వద్దు, బూటు ఉండాలి. నారిని రెండు చేతులతో ఒకే బలంతో లాగాలి. ఒకవైపు ఎక్కువైతే బాణం పక్కకు పోతుంది. దీనికి హుక్కులున్న తాడు దొరుకుతుంది. దాంతో లాగితే బరువు సగమౌతుంది, నారి నడుమకే వస్తుంది.

అన్నింటికంటే పెద్ద ఖతరా బొటనవేలికి. నారి గాడి మీద ఎంత వేగంగా పోతుందో కంటికి కనిపించదు. ముందుచేతి బొటనవేలు గాడి అంచు పైకి వచ్చిందంటే అది నారి దారిలో ఉన్నట్టే. పైకప్పుకు వేలాడే ఫ్యాన్ రెక్కల్లో చెయ్యి పెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. ఇదీ అంతే. మా వాడి క్రాస్‌బో కింద పట్టుకునే చోట ఒక చెక్కముక్కను అడ్డంగా బిగించాం, వేలు పైకి రాకుండా. ఇంకోటి, వదలగానే రెక్కలు రెండువైపులా విప్పారుతాయి. పక్కన గోడ, కొమ్మ, మనిషి ఉండకూడదు. బాణం గురికి తగలకపోతే ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోవాలి. గాలిలోకి కొట్టకూడదు. ఎక్కించిన విల్లుతో ఒక్క అడుగు కూడా నడవకూడదు. ఎక్కించింది ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు.

ఇవి కొత్త రూల్స్ అనుకోకండి. మస్జిద్‌లోకో బజారులోకో బాణాలతో వచ్చేవాడు వాటి మొనలు పట్టుకుని రావాలని, ఎవరికీ గీరుకోకూడదని ప్రవక్త (స) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది, ముస్లింలో ఉంది. తోటివాడి వైపు ఆయుధం చూపొద్దని ఇంకో హదీసు. చేతిలో నుంచి షైతాన్ ఎప్పుడు లాగేస్తాడో తెలియదు అని దాని కారణం. వేళ్ల మధ్య గులకరాయి పెట్టి విసరడాన్ని వద్దన్న హదీసు నాకు మరీ ఇష్టం. దానివల్ల షికార్ దొరకదు, దుష్మన్ పడడు, కన్ను మాత్రం పోతుంది, పన్ను విరుగుతుంది అని దాని సారం. ఆ కాలం మనుషులు విల్లుతో బతికినోళ్లు. ఐనా మాట ముందు పక్కవాడి కన్ను గురించే వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తా. రెండు వారాల ప్రాక్టీసులో తమ్ముడు ఇరవై గజాల్లో గడ్డిమోపు మధ్య పెట్టిన కొబ్బరిచిప్పను కొట్టడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం అడిగాడు. "భాయ్, ఇంక పందిని కొట్టొచ్చా?"

నేను వద్దన్నా. వాడు ఊరుకోలేదు. "ఐతే ఇంత నేర్పింది దేనికి? చేను ఎవరు చూస్తారు? నువ్వు తిరుపతిలో ఉండి వద్దంటావు. రాత్రి మంచె మీద పడుకునేది మేము." వాడి మాటలో న్యాయం ఉంది. అందుకే ఉత్త వద్దు అని వదిలేయకుండా కూర్చుని వివరంగా మాట్లాడా.

మొదటిది ఖానూన్. 1972 వన్యప్రాణి చట్టంలో షికార్ అంటే చంపడం ఒక్కటే కాదు, చంపాలని చేసే ప్రయత్నమూ షికారే. ఆయుధం అనే మాటకు అదే చట్టం ఇచ్చిన అర్థంలో విల్లు, బాణాలు పేరుపెట్టి ఉన్నాయి. అడివిపంది ఆ చట్టం రక్షణలో ఉన్న జంతువు. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ప్రమాదమైతే చంపడానికి సెక్షన్ 11 కింద ఇజాజత్ ఇవ్వచ్చు. అది రాతపూర్వకంగా, అధికారం ఉన్న ఆఫీసర్ ఇవ్వాలి. మంచె మీద కూర్చుని మనకు మనమే ఇచ్చుకునేది కాదు.

రెండోది చీకటి. పందులు రాత్రిపూట వస్తాయి. పలమనేరు, కుప్పం పక్క రాత్రిపూట వచ్చేది పందులొక్కటే కాదు. 1980లలో పక్క రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి, వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. ఆ ఏనుగుల బాధ పడలేక 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెచ్చుకున్నాం. ఏనుగుకు బాణం తగిలిందంటే అది ఎవరి ఇంటి మీదికి పోతుందో చెప్పలేం. చీకట్లో అటుపక్క గెనిమ మీద నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషి ఉన్నా చెప్పలేం. టార్చి వెలుగులో కళ్లు మెరిసినంత మాత్రాన అది పంది అని ఎవరు గవాహీ ఇస్తారు?

మూడోది దెబ్బ తిన్న పంది. కొబ్బరిచిప్ప కదలదు, పంది కదులుతుంది. సరిగ్గా తగలని బాణంతో అది పొదలో దూరి ఉంటుంది. తెల్లారి కలుపు తీయడానికి ఆడవాళ్లు వస్తారు. వాళ్లలో ముమానీ కూడా ఉంటుంది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. మామూ మాట్లాడాడు. "ఇంకోటి ఉండాది. నువ్వు చెప్పవు, నేను చెప్తా. ఊర్లో ఎవరింట్లో ఈ వస్తువున్నా వస్తువే. మనింట్లో ఉంటే ఖబర్ ఔతుంది." దానికి నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ముగ్గురం కొన్న రసీదు, క్రాస్‌బో ఫోటోలు, ఎక్కడ ఎందుకు ఉంచుకున్నామో రాసిన దర్ఖాస్తు పట్టుకుని స్టేషన్‌కు పోయాం. ఇలాంటిది ఉంచుకోవచ్చా, ఉంచుకోవాలంటే ఏం చేయాలి అని రాసి అడిగాం. రసీదు వేయించుకున్నాం. దాచిపెట్టి భయపడేదానికంటే చూపించి అడగడం మేలని మామూ ముందు ఒప్పుకోలేదు, గేటు దాటి బయటికొచ్చాక ఒప్పుకున్నాడు. మీ చేతికి ఇలాంటి సామాను వస్తే కొనకముందే ఈ పని చేయండి. కొన్న తర్వాత చేసేకంటే సులువు.

ఇప్పుడది చెక్కపెట్టెలో ఉంటుంది, తాళం ముమానీ దగ్గర. బాణాలు వేరే గదిలో. రేకుల కింద, కారు డిక్కీలో పెట్టనివ్వం. ఏప్రిల్, మే ఎండకు రెక్కల పొరలను పట్టి ఉంచే జిగురు సడలుతుంది. వానాకాలంలో నెలల తరబడి వాడకపోతే నారి దించేసి ఉంచుతాం. ఇది సాదా రెక్కల రకం కాబట్టి ఇంట్లోనే దించగలం. పుల్లీల రకమైతే దానికి ప్రెస్ కావాలి, తెలిసినోళ్ల దగ్గరికే పోవాలి. నారిని పెట్టెలో వదిలేయొద్దు, మైనం వాసనకు ఎలుకలు కొరుకుతాయి. మా వాళ్లు మూతున్న స్టీలు డబ్బాలో పెడతారు, బొరుగులు పెట్టుకునేది. ఒక నోటుబుక్కు ఉంది. ఏ రోజు ఎన్ని బాణాలు వేశాడో, ఎప్పుడు మైనం పట్టాడో, రెక్కలు ఎప్పుడు చూశాడో రాస్తాడు. మొదట్లో నా పోరు పడలేక రాశాడు. ఇప్పుడు నేను అడక్కుండానే ఫోటో తీసి పంపుతున్నాడు.

ఆదివారం ఫజర్ తర్వాత మట్టికట్ట ముందు ముప్పై బాణాలు వేస్తాడు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డ్ మెడల్స్ గెలిచిన వీడియోలు వాడి ఫోన్‌లో ఉన్నాయి. ఆమెది వేరే విల్లు, ఆ ఆట వేరు, అది నేర్చుకోవాలంటే తిరుపతికి రా అని చెప్పా. చేనుపని అయ్యాక వస్తానన్నాడు.

పందులు వస్తూనే ఉన్నాయి. పోయిన నెల రెండు సాళ్ల చెనిక్కాయ పెరికేసిపోయాయి. ఫోటోలు తీసి నష్టపరిహారానికి ఫారెస్టు వాళ్లకు దర్ఖాస్తు పెట్టారు. ఇంకా ఏమీ రాలేదు. మామూ రాత్రిళ్లు డబ్బా కొడుతున్నాడు, తమ్ముడు మంచె మీద టార్చి పట్టుకుని కూర్చుంటున్నాడు. మంచె మీదికి క్రాస్‌బో పోవడంలేదు. నారికి ఏడాది దాటింది, రంజాన్ అయ్యాక కొత్తది తెప్పించాలి.